ముడుచుకోని మనిషి

మాచర్ల బస్టాండు పక్కన నాగేంద్రమ్మ టిఫిన్ బండిని ఆ పొద్దున ఒక ఆటో వెనక్కి వస్తూ గుద్దింది. సాంబారు గిన్నె బోర్లా పడింది. నాగేంద్రమ్మ గరిటె పట్టుకునే రోడ్డు మీదికి వచ్చింది.

"కళ్ళు యాడ పెట్టుకుని తోల్తన్నావురా? కోడి కూయకముందే లేచి కాసిన సాంబారు! ఇప్పుడు ఈ జనానికి ఏం పొయ్యమంటావు, నీ మొహమా?"

ఆటో అతను దిగాడు. నేల మీద పారుతున్న సాంబారుని చూశాడు. ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని తన వంకే చూస్తున్న జనాన్ని చూశాడు. "అక్కా, అదీ..." అన్నాడు. అంతే. చెవుల దాకా ఎర్రబడ్డాడు, తల దించుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు. మరుక్షణం మోకాళ్ళు మడతపడ్డాయి. చక్రం పక్కన మెల్లగా ఒరిగి, చేతులు గుండెలకు హత్తుకుని, కదలకుండా ఉండిపోయాడు.

"ముడుచుకున్నాడు, ముడుచుకున్నాడు!" అన్నారు జనం.

నాగేంద్రమ్మ కోపం చప్పున చల్లారింది. గరిటె పక్కన పడేసి, కొంగు తడిపి అతని మెడ మీద వేసింది. "జరగండయ్యా, గాలి రానియ్యండి. సిగ్గున్న బిడ్డ. పోతే పోయిందిలే వెధవ సాంబారు. ఎవరన్నా ఆ ఆటోని కాస్త పక్కకి నెట్టండి."

"మొన్న నా కాలు తొక్కినోడున్నాడు చూడు," అన్నాడు ఇడ్లీ తింటున్న ఒక పెద్దాయన. "నిలబడి సారీ బాబాయ్, సారీ బాబాయ్ అని ఒకటే గోల. ఒక్కసారన్నా ముడుచుకుంటే ఒట్టు. సిగ్గూ శరం లేని మొహం!"

డాక్టర్ సువర్చల తన ప్లేటు బండి మీద పెట్టి వచ్చి, పడిపోయినవాడి మణికట్టు పట్టుకుంది. ఒక దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక దెబ్బ. ప్రమాదమేమీ లేదు. "కాసేపట్లో లేస్తాడు," అంది.

"మాకు తెలవదా డాక్టరమ్మా! మీరు తినండి, ఇడ్లీ ఆరిపోద్ది," అంది నాగేంద్రమ్మ.

సువర్చలకు ముద్ద దిగలేదు. రోడ్డు మీద పడి ఉన్న ఆ మనిషి మెడలో పనిచేస్తున్నది ఆమె చేతి వస్తువు.

మాచర్ల ఎండల సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. అవి ముదిరి ముదిరి, నీడపట్టున కూర్చున్న మనిషి కూడా సాయంత్రానికి మిగలని వేసవులు వచ్చాయి. ఇంట్లో చల్లగది ఉన్నవాళ్ళు బతికారు. లేనివాళ్ళ కోసం పుట్టింది కూర్మనాడి. బియ్యపుగింజంత పరికరాన్ని మెడలో, గుండెకు దిగే వేగస్ నాడికి ఆనించి పెడతారు. గుండెలో కుడి ఎడమ గదుల మధ్య గోడకు చిన్న రెక్క ఒకటి బిగిస్తారు. ఒంట్లో వేడి హద్దు దాటబోతోందని పసిగట్టగానే పరికరం నాడిని మీటుతుంది. గుండె నిదానిస్తుంది, ఊపిరితిత్తులకు పోయే ధమని బిగుసుకుంటుంది, రెక్క తెరుచుకుని రక్తం అడ్డదారిన మళ్ళీ ఒంట్లోకే పోతుంది. లోపలి పొయ్యి మంట తగ్గుతుంది. మనిషి వీధి వీధికీ వేయించిన నాపరాతి అరుగుల మీద ముడుచుకుని, పొద్దు వాలేదాకా పడి ఉంటాడు. సర్కారు దీనికి మందస్థితి అని పేరు పెట్టింది. జనం ముడుచుకోవడం అన్నారు. జనం మాటే నిలిచింది.

ఈ విద్య తాబేలుది. సువర్చల వయసంతా తాబేళ్ళ గుండెల మీదే గడిచింది. తాబేలు గుండెలో పైన కర్ణికలు రెండున్నా కింద జఠరిక ఒక్కటే, అందులో అరకొర అడ్డుగోడలు. నీళ్ళపైకి వచ్చి ఊపిరి తీసినప్పుడు వేగస్ నాడి పట్టు సడలుతుంది, గుండె జోరందుకుంటుంది, ఊపిరితిత్తుల దారి తెరుచుకుంటుంది. మునిగినప్పుడు అదే నాడి గుండెను నొక్కిపెట్టి ఆ దారిని బిగిస్తుంది. గాలి అందని ఊపిరితిత్తులకు అంత రక్తం పంపడం దండగని ఆ జీవికి ఎవరు నేర్పారో! ఆ పొదుపు చూస్తే సువర్చలకు ముచ్చటేసేది. అయితే తాబేలు ఇంకో సమయంలో కూడా ఇదే పని చేస్తుంది. మీదికి కుక్క వస్తే తల లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టినప్పుడు. నీళ్ళకైనా భయానికైనా నాడి ఒకటే. ఇది ఆమెకు తెలుసు. తెలిసీ, మనుషుల దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు.

వడదెబ్బ తగలబోతున్న మనిషిని గుర్తుపట్టడానికి ఆమె పరికరానికి మూడు ఆనవాళ్ళు నేర్పింది. ముఖంలోకి రక్తం పొంగడం, మెడ వాలిపోవడం, ఊపిరి ఆగడం. ప్రయోగశాలలో ఎందరినో వేడి గదుల్లో కూర్చోబెట్టి చూశారు. ఒక్కసారీ గురి తప్పలేదు. ప్రయోగశాలలో ఎవరూ ఎవర్నీ నలుగురిలో నిలబెట్టి తిట్టరు కదా! సిగ్గేసిన మనిషికి కూడా ముఖం ఎర్రబడుతుందనీ, తల వాలుతుందనీ, ఊపిరి ఆగుతుందనీ అంతమంది డాక్టర్లలో ఒక్కరికీ తట్టలేదు. సిగ్గుతో ముడుచుకుపోయాడు అని చిన్నప్పటి నుంచీ అందరూ అంటూనే ఉన్నారు. ఆ మాటేమిటో ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

ఊరు మాత్రం ఒక్క ఏడాదిలో కనిపెట్టేసింది, కనిపెట్టి ఊరుకోకుండా వాడకంలో పెట్టేసింది. పంచాయితీల్లో పెద్దమనుషులు సాక్షుల్ని పిలవడం మానేశారు. నింద వేసి ఎదురుగా నిలబెట్టేవారు. ముడుచుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు. సిగ్గుపడి ముడుచుకున్నాడు కాబట్టి క్షమించేసినట్టు కూడా. మొగుడూ పెళ్ళాల తగువుల్లోనూ ఇదే తీర్పు. ఎన్నికల్లో నిలబడేవాళ్ళు అద్దం ముందు ఊపిరి బిగబట్టి సాధన చేస్తున్నారనీ, ఎంత బిగబట్టినా ముఖం ఎర్రబడక అవస్థ పడుతున్నారనీ జనం నవ్వుకునేవారు. క్షమించండి అనే మాటకు విలువ పోయింది. నోటితో చెప్పగలిగాడంటే లోపల ఏమీ లేదని అర్థం.

ఇంత జరుగుతుంటే చూస్తూ ఉండడమే సువర్చలకు నామోషీగా ఉండేది. కానీ ఆమెకు నిద్ర పట్టనివ్వనిది ఊరి సంగతి కాదు. సైదులు సంగతి.

సైదులు తాపీ మేస్త్రి. ఒకప్పుడు బాగా తాగేవాడు. కూతురు మల్లిక పుట్టాక ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి, ఇక ముట్టనని ఒట్టు వేశాడు. ఆ ఒట్టు తప్పలేదు. కూర్మనాడి వచ్చిన మొదటి వేసవిలో భార్య కోటమ్మ అతన్ని వెంటబెట్టుకుని సువర్చల పనిచేసే కూర్మనాడి కేంద్రానికి వచ్చింది. బంధువుల పెళ్ళిలో ఎవరో బావమరిది నలుగురిలో ఏదో అన్నాడట, సైదులు పళ్ళెం ముందే పడిపోయాడట. "మిషనులో ఏందన్నా తేడా ఉందేమో చూడండి డాక్టరమ్మా," అంది కోటమ్మ.

అప్పటికే ఇలాంటి మనుషులు మరో ఇద్దరు వచ్చి వెళ్ళారు. సువర్చలకు విషయం సగం అర్థమైంది. పూర్తిగా అర్థం చేసుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు. మర్నాడు రాజధాని నుంచి పెద్దలు పరికరాన్ని చూడ్డానికి వస్తున్నారు. వరండా నిండా జనం. ఆమె గొంతు పెంచి, "పరికరంలో ఏ లోపమూ లేదమ్మా. మీ ఆయన మళ్ళీ మందు మొదలుపెట్టి ఉంటాడు," అంది.

సైదులు కుర్చీలోనే తల వాల్చి ముడుచుకున్నాడు. అందరూ చూస్తుండగా. అది మందు కాదనీ, తను అన్న మాటేననీ సువర్చలకు ఆ క్షణాన అద్దంలో చూసినంత స్పష్టంగా తెలిసిపోయింది. అయినా, "చూశావా? పట్టపగలు ఎలా తూలిపోతున్నాడో. తాగకుండా తీసుకురా, అప్పుడు చూద్దాం," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారమే సైదులు పరంజా మీద ఉండగా, గోడ వంకర పోయిందని ఇంజనీరు కింద నుంచి అరిచాడు. కూలీలంతా తలెత్తి చూశారు. సైదులు ముడుచుకున్నాడు, పరంజా మీద నుంచి జారాడు, నడుము విరిగింది. కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆసుపత్రి మంచం మీద, "నేను తాగలేదే కోటా" అని భార్య కళ్ళలోకి చూసి గట్టిగా చెప్పాడు. తోటి కూలీలూ అదే చెప్పారు. మగాళ్ళు మగాళ్ళని కాపాడుకుంటారని కోటమ్మ ఎవర్నీ నమ్మలేదు. డాక్టరమ్మ స్వయంగా చెప్పిన మాట కదా! సిగ్గుకు కూడా ముడుచుకుంటారని తర్వాత ఊరంతా తెలిసినా, తాగబట్టే సిగ్గుపడ్డాడనుకుంది. కన్నబిడ్డ మీద ఒట్టు వేసి తప్పినవాడి దగ్గర బిడ్డని ఉంచనని, మల్లికను గురజాలలో తన తల్లి దగ్గర దిగబెట్టి వచ్చింది. మొగుడికి అన్నీ చేస్తుంది, ఎత్తి కూర్చోబెడుతుంది, అన్నం పెడుతుంది. మాట మాత్రం ఆడదు. ఆ తాగుడు ఊసు అసలే ఎత్తదు. అడిగితే మళ్ళీ లేదంటాడు, మళ్ళీ ఆ అబద్ధం వినాలి.

ఇదంతా సువర్చలకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. రెండుసార్లూ ఒకటే తంతు. కోటమ్మ మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తూ ఉంటుంది, సైదులు మంచం మీద ఉంటాడు. సువర్చల "ఆ రోజు కేంద్రంలో నేను..." అని మొదలుపెడుతుంది. ఆమె మెడలోనూ ఉన్నది అదే పరికరం. ముఖంలోకి వేడి ఎక్కుతుంది, తల వాలుతుంది. తర్వాత కళ్ళు తెరిచేసరికి మెడ మీద తడిగుడ్డ, పక్కన కోటమ్మ.

"పోన్లెండి డాక్టరమ్మా," అంది కోటమ్మ రెండోసారి. "మీకెంత జాలి ఉందో మాకు తెలిసింది. తాగి పరంజా ఎక్కినోడికి మీరేం చేస్తారు? మీరింత బాధపడమాకండి."

సైదులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. సువర్చల మళ్ళీ నోరు తెరిచింది, మళ్ళీ ఒరిగిపోయింది.

ఇంట్లో కూర్చుని రాద్దామన్నా అంతే. రెండు వాక్యాలు రాసేసరికి తల వాలేది. ఫోనులో చెబితే కోటమ్మ దృష్టిలో అంతకన్నా అవమానం ఉండదు. ఆఖరికి ఆమె కేంద్రం అధిపతి పరాంకుశం గారి గదికి వెళ్ళింది.

"ఆనవాళ్ళు మార్చాలి సార్. సిగ్గుకూ వేడికీ తేడా పట్టేలా."

"మారిస్తే వేడిని ఆలస్యంగా పడుతుంది. ఎంత ఆలస్యమో మీకే తెలుసు," అన్నారు ఆయన. "సిగ్గుకి పడిపోయినవాడు లేస్తాడమ్మా. ఎండకి పడినవాడు లేవడు."

"అయితే నాది ఆపేయండి," అందామె.

"ఈ ఎండల్లోనా? ఆపేస్తే మధ్యాహ్నం చల్లగది దాటి అడుగు పెట్టలేరు."

"ఒక మనిషికి ఒక మాట చెప్పాలి సార్. ముడుచుకుంటే మాట బయటికి రావడం లేదు."

పరాంకుశం గారు ఆమె వంక వింతగా చూసి సరేనన్నారు. ఆపేయడానికి ఎంతోసేపు పట్టలేదు. చాలాకాలానికి సువర్చల గుండె తన ఇష్టం వచ్చినట్టు తాను కొట్టుకుంది. ఆమెకు భయమేసింది, హాయిగానూ అనిపించింది. ఈసారి చెప్పగలను అనుకుంది.

నాగేంద్రమ్మ బండి దగ్గర ఇడ్లీ వదిలేసి ఆ పొద్దున ఆమె వెళ్ళింది సైదులు ఇంటికే. కోటమ్మ పీట వేసింది. సువర్చల కూర్చోలేదు.

"సైదులు గారూ, కోటమ్మ గారూ," అంది. ఆ 'గారు' వినగానే కోటమ్మ చేతిలో మిరపకాయ ఆగింది. "ఆ రోజు ఆయన తాగి రాలేదు. నాకు అప్పుడే తెలుసు. లోపం నా పరికరంలో ఉంది. పెద్దలు చూడ్డానికి వస్తున్నారని, నా పేరు పోతుందని, నలుగురిలో ఆయన మీదికి నెట్టాను. అది విని సిగ్గుతో పడిపోయిన మనిషిని తాగి తూలుతున్నాడని మీకు చూపించాను. పరంజా మీద జరిగిందీ అదే. ఆయన ఒట్టు తప్పలేదు. తప్పంతా నాది. నన్ను క్షమించండి."

గుండె దడదడలాడుతోంది. ముఖం భగభగ మండుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మాట తడబడలేదు, ఒక్కటీ మింగకుండా అన్నీ చెప్పగలిగింది. మంచం మీద సైదులు మోచేతి మీద లేచాడు. అతని కళ్ళు మెరిశాయి.

కోటమ్మ ఆమె వంకే చూస్తూ కూర్చుంది. ఇప్పుడు ముడుచుకుంటుంది, ఇప్పుడు ముడుచుకుంటుంది అని ఎదురుచూస్తున్నట్టుంది. సువర్చల నిలబడే ఉంది.

"అయిపోయిందా?" అంది కోటమ్మ.

"అయిపోయింది."

"అంత ఘోరం చేశానంటన్నావు. చక్కగా నిలబడే ఉన్నావే!"

"దాన్ని ఆపించుకుని వచ్చానమ్మా. ముడుచుకుంటే చెప్పలేకపోతున్నానని."

"అంటే సిగ్గుపడకుండా చెప్పడానికి మిషను ఆపుకుని వచ్చావన్నమాట!" కోటమ్మ ఒళ్ళోని తొడిమలు దులిపి లేచింది. "మొన్న రెండుసార్లూ నిజంగా బాధపడ్డావు, నా కళ్ళతో చూశాను. ఇయ్యాళ పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్తన్నావు. ఎవరు చెప్పమన్నారమ్మా నిన్ను? ఈయనేనా? పిల్ల కోసం నిన్ను బతిమాలుకున్నాడా?"

"లేదమ్మా, ఒట్టు..."

"ఒట్లు చాలా చూశాలే నేను." ఆమె మొగుడి వైపు తిరిగింది. ఇన్నాళ్ళకు మొదటిసారి అతనితో మాట్లాడింది. "ఏమయ్యా, డాక్టరమ్మ చేత కూడా అబద్ధమాడిస్తన్నావా? నా మొహం చూసి చెప్పు. ఆ రోజు తాగావా లేదా?"

సైదులు నోరు తెరిచాడు. "లే..." అన్నాడు. నిజం చెప్పే మనిషి వచ్చి చెప్పాక కూడా, ఆ మనిషి ముందే, దొంగను అడిగినట్టు అడుగుతోంది భార్య. అతని ముఖం జేవురించింది. మెడ వాలింది. ఊపిరి ఆగింది. చేతులు గుండెల మీదికి వచ్చాయి, వీపు వంగింది. కాళ్ళు మాత్రం దుప్పటి కింద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

కోటమ్మ కొయ్యబారి చూసింది. "ఒప్పుకున్నాడు," అంది నెమ్మదిగా.

"కాదు కోటమ్మా! అది తప్పు చేసిన సిగ్గు కాదు. చెయ్యనిది మోపినా మనిషికి సిగ్గేస్తుంది."

"చెయ్యనోడికి సిగ్గెందుకమ్మా?"

సువర్చల దగ్గర నాడులూ ధమనులూ గుండె గదులూ అన్నీ ఉన్నాయి. ఈ ప్రశ్నకు కోటమ్మ నమ్మే జవాబు మాత్రం లేదు.

కోటమ్మ గుడ్డ తడిపి తెచ్చి మొగుడి మెడ మీద వేసింది. చెమటకు నుదుటికి అంటుకున్న జుట్టు పక్కకు సర్దింది. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "ఆసుపత్రిలో నా కళ్ళలోకి చూసి రెప్పన్నా ఆర్పకుండా తాగలేదన్నాడు. ఆ మొండితనమే నన్ను కాల్చేసింది డాక్టరమ్మా, తాగినందుక్కాదు. ఇన్నాళ్ళకి మెత్తబడ్డాడు. నువ్వెందుకొచ్చావో గానీ, నీ పుణ్యమా అని ఒప్పుకున్నాడు," అంది.

సువర్చల ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకో మాట అనాలి. అది తప్పు అని ఈసారి అరవాలి. అరిస్తే కోటమ్మ నమ్మదు సరే, ఈ మెత్తబడ్డ మనసు మళ్ళీ బిగుసుకుంటుంది. ఆమె వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

సైదులు గుండె వేగమందుకుంది. అతను ఊపిరి తీసుకుని, మెల్లగా కళ్ళు తెరిచాడు. ఎదురుగా భార్య ముఖం చూసి ఆశ్చర్యపోయాడు. అంత దగ్గరగా ఆమె ఆ ముఖం చూపించి చాలా కాలమైంది.

"రేపు పొద్దున బస్సుకే గురజాల పోయి మల్లిని తీసుకొస్తా," అంది కోటమ్మ. "ఒప్పుకున్నావుగా. నాకంతే చాలు. ఇంక ఆ మాట మనింట్లో వద్దు."

సైదులుకు ఆ మాటలు అందడానికి కొంతసేపు పట్టింది. అందాక అతను సువర్చల వంక చూశాడు. ఆమె పెదవులు కదిలాయి. అతను తల అడ్డంగా ఊపాడు. కోటమ్మకు కనపడకుండా, కొంచెం.

"అవునే కోటా," అన్నాడు. "తాగాను."

కోటమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎండన పడి వచ్చింది, పాపం డాక్టరమ్మకి మంచినీళ్ళన్నా ఇవ్వలేదు," అంటూ కుండ దగ్గరికి వెళ్ళి, గ్లాసు నిండా ముంచి తెచ్చింది. వద్దనడానికి సువర్చలకు ముఖం చెల్లలేదు. రెండు చేతులతో అందుకుని, సైదులు చూస్తుండగానే, నిలబడి తాగింది.